లక్క లేని రాజాజ్ఞ

ఒకానొక రాజ్యం ఉండేది, పేరు పొన్నగుంట. పొద్దున్నే గుర్రమెక్కి ఆ చివరిదాకా వెళ్ళినవాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు. దాన్ని ఏలే విక్రమకంఠీరవ మహారాజుకి బిరుదులు మాత్రం ఎన్నున్నాయో ఆయనకే తెలియదు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే తనకి తెలియని సంగతి లోకంలో ఒకటుందంటే ఒప్పుకునేవాడు కాడు.

రోజూ పొద్దున్నే ఆయనకి ఉడకబెట్టిన కోడిగుడ్డు ఉండాలి. లోపలి సొన బంతిపువ్వు రంగులో ఉండాలి. ఆ గుడ్లు పెట్టే నలభై కోళ్ళనీ సాకేది పోలమ్మ. ఆమె తల్లీ, అమ్మమ్మా కూడా కోటలోని ఆ కోళ్ళదొడ్డిలోనే పనిచేశారు.

ఒకనాడు రాజుగారు షికారుగా దొడ్డివైపు వచ్చారు. పోలమ్మ రోట్లో ఏదో దంచుతోంది. తొంగి చూస్తే ఎండిన పురుగులు. కోట బయటి పట్టుశాలలో దారం తీశాక గూళ్ళలో పురుగులు మిగులుతాయి. వాటిని తెచ్చి ఎండబెట్టి, పొడిచేసి, నూకల్లోనూ తవుడులోనూ కలిపి కోళ్ళకి పెట్టడం పోలమ్మ ఇంటి పద్ధతి.

రాజుగారు రోటి దగ్గరనించి రెండడుగులు వెనక్కి వేశారు. కోడి పురుగుని తింటుంది, ఆ కోడి గుడ్డుని తాను తింటాడు, కాబట్టి తాను... ఆ ఆలోచనని అక్కడితో ఆపేశారు.

"పురుగుతోగాని ఈగతోగాని పొత్తున్నదేదీ నా కోట గుమ్మం దాటి లోపలికి రాకూడదు" అని అక్కడికక్కడే ఆజ్ఞాపించారు. రాజుగారి కోళ్ళు కనక ఇకమీదట వాటికి నేతిలో వేయించి పంచదార చల్లిన సన్నబియ్యమే పెట్టాలన్నారు.

"కోడికి ఒంట్లో బలం కావాలి గదా దొరా. వదిలిపెడితే అది నేల తవ్వుకుని తినేదీ పురుగునే" అంది పోలమ్మ. కోళ్ళ సంగతి తనకి ఒకరు చెప్పాలా అని రాజుగారు విసురుగా వెళ్ళిపోయారు.

పదిహేను రోజులు తిరిగేసరికి కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీక్కోసాగాయి. గుడ్లు తగ్గి తగ్గి చివరికి ఆగిపోయాయి. తప్పు సన్నబియ్యానిదని రాజుగారు ఎలా అంటారు? పోలమ్మ కోళ్ళకి చేతబడి చేసిందన్నారు. మర్నాడు పొద్దుగూకేలోగా ఆమె రాజ్యం దాటిపోవాలన్నారు.

పోలమ్మ నేరుగా కొమ్మన ఇంటికి వెళ్ళింది. కొమ్మన ఆస్థానంలో చమత్కారి. రాజుగారికి నిజం చెప్పి కూడా తల నిలుపుకోగలిగినవాడు అతనొక్కడే. "ఆ దొడ్డి తప్ప నాకింకో ఇల్లు తెలవదు బాబయ్యా. నేను పోతే అవి పొడుచుకుని చస్తాయి" అని ఏడ్చింది. కొమ్మనకి జాలి వేసింది. అతనికీ పొద్దున్నే గుడ్డు తినే అలవాటుందని కొందరంటారు, అది వేరే సంగతి.

ఆ సాయంత్రమే అతను రాజుగారి దగ్గరికి వెళ్ళి, ప్రభువుల మొదటి ఆజ్ఞ కోళ్ళదొడ్డిలో మాత్రమే అమలైందనీ, తనకి అప్పజెబితే కోటంతా అమలు చేస్తాననీ విన్నవించుకున్నాడు. తన గొప్పతనం ఇన్నాళ్ళకి ఒకడికైనా అర్థమైందని రాజుగారు పొంగిపోయారు.

తెల్లారి లేచి చూస్తే పట్టుపరుపు స్థానంలో నూలు బొంత ఉంది. కషాయంలో తేనె లేదు. చేదుకి మొహం వికారంగా పెట్టుకుని బట్టలు అడిగితే ముతక పంచె, ముతక కండువా తెచ్చారు. రాజుగారికి ఒళ్ళు మండింది. కానీ ఆజ్ఞ తనదే అయిపోయింది. ఆ వేషంతోనే కొలువుకి వస్తే సభికులంతా ఒక్కసారిగా తలలు వంచుకున్నారు. భక్తితోనే అనుకుందాం.

పోలమ్మని వెళ్ళగొట్టే ఆజ్ఞ తాటాకు మీద రాసి సిద్ధంగా ఉంది. పొన్నగుంటలో కోట బయట అమలయ్యే ఆజ్ఞ ఏదైనా సరే, దారం కట్టి, లక్క కరిగించి పోసి, రాజుగారి ఉంగరంతో ముద్ర వేయాలి. రాజుగారు ఉంగరం తీసి చెయ్యి చాపారు. ఎవరూ కదలలేదు.

"లక్క ఏదీ?"

"లక్కంటే చెట్టుకొమ్మల మీద పురుగులు పెట్టేదే కదా ప్రభూ. పొద్దున్నే గుమ్మం బయట పెట్టించాను" అన్నాడు కొమ్మన.

"అయితే ముద్ర లేకుండానే పంపు."

"ముద్ర లేని ఆజ్ఞని నమ్మవద్దని తమ తాతగారి కట్టడి. సరిహద్దు కాపలావాళ్ళు దాన్ని ముట్టుకోరు."

"సరే, లక్క లోపలికి తెప్పించు."

"ఇప్పుడే తెప్పిస్తాను. కానీ అది లోపలికి రావాలంటే తమ మొదటి ఆజ్ఞ రద్దు కావాలి. అది రద్దయితే పురుగుల పొడీ లోపలికి వస్తుంది, కోళ్ళు మళ్ళీ గుడ్లు పెడతాయి. అప్పుడు పోలమ్మని ఏ తప్పుకి వెళ్ళగొడుతున్నామో ఈ తాటాకు మీద తమరే రాయించాలి. నాకైతే తోచడం లేదు."

రాజుగారు ముతక కండువా కింద మెడ గోక్కున్నారు. కొమ్మనని చూశారు, తాటాకుని చూశారు. తాను కట్టుకునేదీ, నాకేదీ, చివరికి తన మాటకి విలువ తెచ్చేదీ పురుగేనని అప్పటికి తలకెక్కింది. ముందు మూతి వణికింది, తర్వాత పొట్ట కదిలింది, ఆపైన సభ దద్దరిల్లేలా నవ్వారు. తాటాకుని స్వయంగా రెండుగా చింపేశారు. బయటికి పంపించిన పట్టుశాలువా తెప్పించి కొమ్మన భుజాల మీద కప్పారు.

"ఇది పురుగులు చేసిందేనయ్యా. నీకేమైనా అభ్యంతరమా?"

"శాలువా నాకు ప్రభూ, పురుగులు పోలమ్మకి ఇప్పించండి" అన్నాడు కొమ్మన.

పట్టుశాలలో మిగిలే పురుగులన్నీ ఇకమీదట పోలమ్మవేనని అప్పటికప్పుడు ఆజ్ఞ రాయించారు. దాని మీద రాజుగారు లక్క కాస్త ఎక్కువే పోయించారు.