మడ్డమ్మ గుట్ట మీద తొలి గరిటె

గుట్ట సగం ఎక్కేసరికే దవనం వాసన ఎదురొచ్చి పలకరిస్తుంది. గుడి వాకిట్లో ఒక స్త్రీ గోరువెచ్చని దవన తైలం గిన్నెతో కూర్చుని, వచ్చినవారిని చేతులు చాపమంటుంది. తొలి గరిటె భక్తుల చేతులకే. అమ్మవారికి మాత్రం గిన్నె అడుగున మిగిలిన నల్లటి మడ్డి పూస్తారు. ఇదేం అపచారమని కొత్తవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ఖరీదైన లావెండర్ సీసా తెచ్చి అమ్మకు పోయమని పట్టుబట్టే వారూ ఉన్నారు. ఆ సీసాలోది కూడా వాళ్ల చేతులకే రాసి పంపుతారు.

పూర్వం ఇక్కడ అమ్మవారిని దవనాలమ్మ అనేవారు. ఉత్సవానికి తైలం కాచే హక్కు తిప్పక్క అనే ఆమె ఇంటివారిది. లేత దవనాన్ని నువ్వుల నూనెలో నానబెట్టి, సన్నని సెగ మీద నీరంతా ఇగిరేదాకా కాచి, పైతేట వంపుకునేవారు. ఆ తేట రాస్తే చర్మం నునుపెక్కుతుందని, కణతలకు అద్దితే కమ్మని నిద్ర పడుతుందని చుట్టుపక్కల గట్టి నమ్మకం. అడుగున మిగిలేది మాడిన ఆకు, జిగట. దాన్ని బండి ఇరుసులకు రాసేవారు.

దవనం కోసే సుంకమ్మ చేతులు ఒక ఏడాది నెర్రెలిచ్చాయి. కొడవలి పట్టుకుంటే నెత్తురు చిమ్మేది. కాస్త తైలం పెట్టమని తిప్పక్కను అడిగింది. అమ్మకు అభిషేకం జరగకముందే ఇంకొకరికి చుక్క కూడా ఇవ్వకూడదని అప్పటి కట్టుబాటు. ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. తిప్పక్కకు లేదనడానికి నోరు రాలేదు, ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మడ్డి గీకి, పైన రెండు పచ్చి దవనం రెమ్మలు నలిపి వేసి, అమ్మవారి తైలమని చెప్పి కొబ్బరి చిప్పలో ఇచ్చింది. సుంకమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

అక్కడితో పోలేదు. తిప్పక్క అంతటి చల్లని చెయ్యి ఇంకొకరికి లేదని సుంకమ్మ బావి దగ్గర చెప్పింది, చేనులో చెప్పింది, దారినపోయేవాళ్లను ఆపి మరీ చెప్పింది. విన్నప్పుడల్లా తిప్పక్కకు తల కొట్టేసినట్టయ్యేది. నిజం నాలుక చివరిదాకా వచ్చి మళ్లీ లోపలికి పోయేది. ఎదురుపడితే పొగుడుతుందని సుంకమ్మను చూసి దారి మళ్లడం కూడా నేర్చుకుంది.

ఉత్సవం నాడు పూజారి నంజప్ప అమ్మవారి రాయి మీద పైతేట పోస్తే, అది తామరాకు మీద నీళ్లలా జారిపోయింది. ఎన్నిసార్లు పోసినా రాయి పొడిగానే ఉంది. నెర్రెల చేతులతో దవనం కోసినందుకే అమ్మ అలిగిందని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని, పొద్దు వాలేలోగా సుంకమ్మను గుట్ట దింపేయాలని, మళ్లీ ఎక్కనివ్వకూడదని పెద్దలు తీర్మానించారు. తిప్పక్క అక్కడే ఉంది. నోరు మెదపలేదు.

ఇంటికొచ్చి, అన్నం సహించక, గోడకు ఆనుకుని కూర్చుంది. కునుకు పట్టింది. కలలో అమ్మవారు కొడవలి చంకన పెట్టుకుని వచ్చి రెండు చేతులూ చాపింది. ఆ చేతుల నిండా నెర్రెలే.

"సుంకమ్మకు పెట్టిందే నాకూ పెట్టు" అంది.

తిప్పక్క ఉలిక్కిపడి లేచి గుడికి పరుగెత్తింది. అప్పటికే సుంకమ్మను వాకిట్లో నిలబెట్టారు. ఆమె చేతిలో అదే కొబ్బరి చిప్ప. అందులో సగం అలాగే ఉంది. తనకంటే అమ్మకే ఎక్కువ అవసరమేమోనని దాచి తెచ్చానంటోంది. అది చూసి తిప్పక్క సిగ్గుతో చితికిపోయింది. అయినా అందరి మధ్యకూ వెళ్లి నిలబడింది.

"అది అమ్మ తైలం కాదు. ఇరుసుకు పూసే మడ్డి. మంచిదని అబద్ధం చెప్పి ఇచ్చినాను. తప్పు నాది, ఆమెది కాదు."

సుంకమ్మ చిప్పలోకి చూసింది.

"ఊరంతా చెప్పుకుంటి కదక్కా" అంది. ఆమె ముఖం కూడా సిగ్గుతో కందిపోయింది. ఆ ముఖం చూడటమే తిప్పక్కకు అన్నిటికంటే కష్టమైంది. సుంకమ్మ చిప్పను నేల మీద పెట్టి చేతులు చాపింది.

"ఈసారి మంచిది పుయ్యి."

తిప్పక్క తల ఎత్తకుండా అభిషేకం గిన్నెలోని పైతేట తీసి తొలి గరిటె ఆ అరచేతుల్లో పోసి, ఒక్కొక్క నెర్రెలోకీ దిగేలా రుద్దింది. నంజప్ప చిప్పలోని మడ్డిని అమ్మవారికి పూశాడు. రాయి మొత్తం పీల్చుకుంది. దవనాలమ్మ ఆనాటి నుంచి మడ్డమ్మ అయింది.

నేటికీ ఆ వాకిట్లో తైలం రాసేది తిప్పక్క ఇంటి ఆడవారే. రాసేటప్పుడు తల ఎత్తరు. ఇక్కడ చేతులు చాపినవారికి చర్మబాధలు తీరుతాయని, చెప్పలేక దాచుకున్న మాట గుట్ట దిగేలోగా పెదవి దాటుతుందని భక్తుల విశ్వాసం. తైలం బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ ఆడవారు పొంగిపోరు. ఆ ఇంటివారికి నేర్పిన జవాబు ఒక్కటే. నేల చూపులు చూస్తూ, మెల్లగా అంటారు:

"ఇది పైతేటేనమ్మా."