సరంగు తెచ్చిన పక్షాలు

సముద్రాల్లోకెల్లా పెద్ద సముద్రం నడిమధ్యలో ఆవగింజంత దీవి ఒకటుంది. పేరు మోతువాయి. పటం మీద ఈగ వాలితే ఆ దీవి కనబడదు. ఈగ లేచిపోయినా కనబడదనుకోండి, అది వేరే సంగతి. అయితేనేం, ఆ దీవికీ ఒక జెండా ఉంది, ఒక పాట ఉంది, మొగలాకుల కప్పుతో గోడల్లేని పార్లమెంటు ఉంది. గోడలెందుకు లేవని అడిగితే అక్కడి జంతువులు ఛాతీ విరుచుకుని, "లోపల అన్నమాట బయటికి వినపడొద్దూ?" అంటాయి. పిట్ట కొంచెం కూత ఘనం అనే సామెత ఆ దీవిని చూసే పుట్టిందని నా అనుమానం.

అక్కడి ఎన్నికలు చూసి తీరాలి. పార్టీల గొడవ లేదు. నిలబడేవాళ్ళు ఎవరి పేరు మీద వాళ్ళే నిలబడతారు. ఇసకలో వరసగా కొబ్బరిచిప్పలు పెట్టుకుని వాటి వెనకాల కూర్చుంటారు. ఓటరు వచ్చి, అడగాల్సింది మొహమ్మీదే అడిగి, కడగాల్సింది కడిగేసి, నచ్చిన చిప్పలో గవ్వ వేసి పోతాడు. గవ్వలెక్కువ పడ్డ ఐదుగురికి సభలో ఐదు చాపలు వేస్తారు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి బొండం కొట్టివ్వాలి. గెలిచినవాళ్ళు సగం తాగి, మిగతా సగం ఓడినవాళ్ళ చేత తాగించాలి. ఆ బొండంతో కోపతాపాలు అక్కడికి సరి.

ఇంత చక్కని సభకీ ఒక జబ్బుంది. పెద్దమాటల జబ్బు. ఇంట్లో నీళ్ళని సభలో జలమనాలి, పొయ్యి మీది మంటని అగ్ని అనాలి. తాతలనాటి ముచ్చట మరి, ఎవరూ కాదనలేదు. దీవికి పాయ అవతల గుడ్ల తిప్ప అని చిన్న ఇసకతిప్ప ఉంది. సముద్రపు పిట్టలన్నీ గుడ్లు పెట్టేది అక్కడే. పోటు తీసినప్పుడు ఎవరైనా నడిచి దాటొచ్చు కాబట్టి, తాతలు ఒక చట్టం చేశారు. పిట్టపిల్లలకి రెక్కలొచ్చేదాకా అటు పోవద్దు అంటే సరిపోయేది. అంటే సభ పరువు పోదూ? "పక్షములు వచ్చువరకు తిప్పపై ఎవ్వరును కాలు మోపరాదు" అన్నారు. ఏటా మొదటి పిల్ల పాయ మీంచి ఎగిరొచ్చి సభ ముందు వాలగానే తిప్ప తెరిచినట్టు. అప్పుడు పందులు దుంపలకీ, పీతలు కొబ్బరికాయలకీ పోతాయి.

ఆ ఏడు ఎన్నికల ముందు, కొబ్బరి ఎగుమతి కోసం వచ్చి ఆగిన ఓడలోంచి ఒక ఎలుక దిగింది. దాని పేరు సరంగు. ఓడ నడిపేవాడికి ఉండాల్సిన పేరు, ఓడలో మూటలు కొరికేవాడు పెట్టుకున్నాడు. గాలి అటునించి వీచేసరికి గుడ్ల వాసన సరంగు ముక్కుకి తగిలింది. లొట్టలేసుకుంటూ పాయ దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ కాపలా ఉన్న కొబ్బరిపీత కవేవు కొండీ అడ్డం పెట్టాడు. కవేవు కొబ్బరికాయనే వొలుచుకు తినే మొండిఘటం. అతను తొందరపడగా చూసినవాళ్ళు లేరు.

"యాడికయ్యా?"

"ఊరికే, అలా గాలి పోసుకుని వద్దామని."

"ఆ గాలి ఇటు పక్క కూడా ఉంది. పక్షములు వచ్చువరకు అటు కాలు మోపరాదు. మోపితే తోక తెగుద్ది."

"పక్షములు వస్తే?"

"వస్తే నీ ఇష్టం."

సరంగు మీసాలు కదిలాయి. నేరుగా పంది పువా దగ్గరికి పోయాడు. పువా మంచివాడే, కాకపోతే ఎవరేం పెట్టినా తింటాడు, ఎవరేం చెప్పినా నమ్ముతాడు.

"ఏం పువా బావా, ఎన్నికల్లో నిలబడ్డావంటగా. మీది ఏ పక్షం?"

"పక్షమా? పక్షాలు పిట్టలకుంటాయి. పందులకేందయ్యా?"

"అయ్యో బావా! నేను ఎన్ని రేవులు చూశాననుకున్నావు? ప్రతి దేశంలోనూ పక్షాలే. మీరు ఎవరికి వాళ్ళు చిప్ప పట్టుకుని కూర్చుంటారని తెలిస్తే పగలబడి నవ్వుతారు."

పువాకి మొహం చిన్నబోయింది. తనని పందీ అంటే పడతాడు గాని తన దీవిని ఒకడు నవ్వాడంటే తట్టుకోలేడు. సరంగు ఓడ జెండాలోంచి చింపుకొచ్చిన ఎర్రగుడ్డ తీసి అతని మెడకి కట్టాడు.

"ఇక నీది ఎర్ర పక్షం. నాయకుడివి నువ్వే."

"నాయకుడంటే ఏం చెయ్యాలి?"

"పెద్ద పనేం లేదు. నీలి పక్షాన్ని తిట్టాలి."

"నీలి పక్షం యాడుంది?"

"సాయంత్రానికి వస్తుంది."

వచ్చింది. కోడిపుంజు మోవా మెళ్ళో నీలిగుడ్డ వేలాడింది. తను కూస్తేనే పొద్దు పొడుస్తుందనుకునే మోవాకి నాయకుడివి అని ఎవరో ఒకరు చెప్పడమే ఆలస్యం. నాలుగు రోజులు తిరక్కుండా దీవి రంగు మారిపోయింది. నీలి పెట్ట పక్కన ఎర్ర పెట్ట గింజలు ఏరడం మానేసింది. ఒకే ఈతలో పుట్టిన పందిపిల్లలు బురదగుంటకి మధ్యన గీత గీసుకున్నాయి. రెండు గుంపులూ పొద్దున్నే సరంగు దగ్గరికే పోయి సలహా అడిగేవి. అతను పొద్దున ఎర్రవాళ్ళకి నీలివాళ్ళని తిట్టడం నేర్పి, మధ్యాహ్నం ఆ తిట్లకి జవాబు నీలివాళ్ళకి నేర్పేవాడు.

ఆ గోలలోనే సినా ఓట్లడగడానికి వచ్చింది. సినా తెల్ల సముద్రపు పిట్ట. వాళ్ళ జాతికి గూడు కట్టే అలవాటు లేదు. ఉత్త కొమ్మ మీద, చిన్న గుంటలాంటి చోటు చూసుకుని, ఒకే ఒక్క గుడ్డు పెడతారు. గాలి గట్టిగా వీచినా గుండె ఆగిపోయే కాపురం. మగడు గుడ్డు మీద కూర్చుంటే ఆమె దీవికి వచ్చి చిప్ప వెనకాల కూర్చుంది.

"ఇంతకీ నువ్వు ఏ పక్షం సినా?" అన్నాడు పువా, ఎర్రగుడ్డ సర్దుకుంటూ.

"నాకు రెండూ ఉన్నాయి పువా అన్నా. ఒక్కదాంతో ఎగిరితే సముద్రంలో పడతా."

పందికి అర్థం కాలేదు. పక్కనే ఉన్న కవేవు మాత్రం కొండీలు టకటకలాడించి నవ్వాడు. ఆ ముందురోజే అతన్నీ రెండు గుంపులూ లాగి చూశాయి. "నేను కుడిపక్కకీ నడుస్తా, ఎడంపక్కకీ నడుస్తా. నాకు గుడ్డలెందుకు, మట్టి అంటుకుంటే ఉతుక్కోవాలి," అని పంపించేశాడు.

గవ్వల రోజు వచ్చింది. ఎన్ని రంగులు కట్టుకున్నా, చిప్పల ముందుకి వచ్చేసరికి జంతువులకి పాత అలవాటే చేతికొచ్చింది. మొహాలు చూసి గవ్వలు వేశాయి. ఫోనూ అవ్వ గెలిచింది. ఆమె సముద్రమంతా చుట్టొచ్చిన ముసలి తాబేలు, ప్రతి సభకీ పెద్ద. సినా గెలిచింది, కవేవు గెలిచాడు. పువా, మోవా కూడా గెలిచారు. వాళ్ళూ ఊరివాళ్ళేగా మరి.

తొలి సభలో ఫోనూ అవ్వ గొంతు సవరించుకుని చట్టం చదివింది. "పక్షములు వచ్చువరకు తిప్పపై ఎవ్వరును కాలు మోపరాదు."

గోడ లేని చోటునించి సరంగు లోపలికి తల పెట్టాడు. "పెద్దలు మన్నించాలి. పక్షాలు వచ్చేశాయిగా!"

ఐదుగురూ చాపల మీంచి అటు తిరిగారు.

"అదుగో ఎర్ర పక్షం, అదుగో నీలి పక్షం. మీ చట్టంలో మాట పక్షములనే ఉంది గాని రెక్కలని లేదు. మాట అంటే మాటే కదా అవ్వా? లేకపోతే మీ సభ మాటకి విలువేముంది? ఇక తిప్ప తెరిచినట్టే."

పువాకి దుంపలు గుర్తొచ్చి ముట్టె తడయింది. అయినా ఎందుకో తల పైకెత్తలేకపోయాడు. సినా చాప మీంచి లేచింది. మోవా ఎదురుగా నిలబడింది.

"నాకున్నది ఒకటే గుడ్డు. దానికి గూడు లేదు, గోడ లేదు. ఈ సభ మాటే దానికి గూడు. మా అమ్మ అట్టాగే నన్ను పెంచింది, వాళ్ళమ్మ ఆమెని పెంచింది. మీరు మాట మీద నిలబడతారనే మేం ఉత్త కొమ్మ మీద గుడ్డు పెడతాం. ఇవాళ నాది పోతే రేపు మీ పెట్టల గుడ్లేమైతాయో ఆలోచించుకో మోవా."

మోవా తురాయి వాలిపోయింది. నీలి పక్షం నాదేనని ఊరంతా కూసేశాడు, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నాయకుడి పరువు పోతుందేమోనని భయం. అందరూ ఫోనూ అవ్వ వైపు చూశారు. తాబేలు తల లోపలికి లాక్కుంది. ఆమె ఆలోచించే పద్ధతి అది. కాసేపటికి మెల్లగా బయటికి తీసింది.

"మాటంటే మాటే. ఎలుకబ్బాయి చెప్పింది నిజం. పక్షాలు వచ్చాయంటావు?"

"వచ్చాయవ్వా!"

"ఎన్ని?"

"రెండు. అదుగో, సభలో ఒకటి కుడి పక్కన, ఒకటి ఎడం పక్కన."

"ఎవరివి నాయనా అవి?"

మర్యాదకైనా వాళ్ళవని పువానీ మోవానీ చూపించాల్సింది. అన్ని చెవులు తనవైపే ఉండేసరికి సరంగుకి ఛాతీ పొంగింది. "రెండూ నావే! నేను తేకపోతే ఈ దీవికి పక్షాలెక్కడివి?"

"సంతోషం. కుడిదీ నీదే, ఎడమదీ నీదే. పక్షములు వచ్చినవారు ఏం చేస్తే తిప్ప తెరుస్తామో నీకు తెలుసు కదా? పాయ మీంచి ఎగిరి సభ ముందు వాలాలి. ప్రతి ఏడూ పిల్లలు చేసే పనే. కానియ్యి, చూస్తాం."

"అదేంటి? నేను ఎగరడమేంటి? పక్షం అంటే... అది మాట వరసకి..."

"మాట వరస మా దగ్గర చెల్లదు బాబూ. మాట అంటే మాటే అన్నది నువ్వేగా?"

సరంగు ఏదోటి చెప్పి తప్పించుకునేవాడే. బయటున్న జనం ఊరుకుంటేగా! "మా నాయకుడు ఎగురుతాడు!" అని ఎర్రవాళ్ళు అరిచారు. "మీ నాయకుడేంది, మా నాయకుడు!" అని నీలివాళ్ళు అంతకంటే గట్టిగా అరిచారు. ఎవరు ముందు ఎత్తుకోవాలో తేల్చుకోలేక రెండు గుంపులూ కలిసి అతన్ని ఎత్తుకుపోయి, పాయ మీదికి వంగిన కొబ్బరిచెట్టు ఎక్కించాయి. అన్ని రోజుల తర్వాత వాళ్ళు కలిసి చేసిన పని అదే. ఒక చేతికి ఎర్రగుడ్డ, రెండో చేతికి నీలిగుడ్డ కట్టారు. సాయానికి కవేవు వెనకాలే ఎక్కాడు.

సరంగు మట్ట చివర కరుచుకుని కిందికి చూశాడు. నీళ్ళు చాలా దూరంగా కనిపించాయి. వెనక మట్ట మొదట్లో కరకర చప్పుడైంది.

"ఏం చేస్తున్నావు బావా?"

"నువ్వు ఆలోచనలో పడ్డావుగా. తొందరేం లేదులే, ఆలోచించుకో. నేనీలోపు మట్ట కోస్తుంటా."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఆ దీవిలో పిల్లి లేదు. ఆ లోటు పీత తీర్చింది. మట్ట తెగింది. సరంగు రెండు చేతులూ ఎర్రగా, నీలంగా టపటపా కొట్టుకున్నాడు. ఆ రెండు పక్షాలూ అతన్ని జానెడు దూరం కూడా మొయ్యలేదు. దభీమని పాయలో పడి, గుడ్డలు వదిలేసి, బతుకుజీవుడా అని ఈదుకుంటూ పోయి ఓడ లంగరు తాడు పట్టుకున్నాడు. సాయంత్రం ఓడ కూతపెట్టి బయల్దేరింది. తాడు మీద తడిసి వేలాడే సరంగుని చూసి దీవి దీవంతా నవ్వింది. పువా అందరికంటే ఎక్కువ నవ్వి, నడిమధ్యలో ఆగిపోయి, సినా దగ్గరికి పోయాడు.

"మన దీవిని చూసి నవ్వుతారని భయపడి నీ గుడ్డు ఇచ్చేయబోయాను చెల్లెమ్మా. సిగ్గుగా ఉంది."

మర్నాటి సభలో పువాయే లేచి, చట్టంలో పక్షములు తీసేసి రెక్కలు అని పెట్టాలన్నాడు. పరువు పోతుందేమోనని మోవా నసిగాడు. "మన పరువు పెద్దమాటలో లేదురా, నిలబెట్టుకునే మాటలో ఉంది," అంది ఫోనూ అవ్వ. ఐదుగురూ గవ్వలు వేశారు, ఎవరిది వాళ్ళు. ఐదూ ఒకే చిప్పలో పడ్డాయి. కొట్టుకొచ్చిన ఎర్రగుడ్డా నీలిగుడ్డా పెట్టలు చీల్చుకుని గంపల్లో పరుచుకున్నాయి.

గుడ్డు చిట్లింది. కొమ్మ మీద బూడిదరంగు పిల్ల గోళ్ళతో గట్టిగా పట్టుకుని గాలికి ఊగుతూ పెరిగింది. ఒక పొద్దున, సభ జరుగుతుండగా, పాయ మీంచి తెల్లగా ఒకటి తూలుతూ, పడబోయి, లేచి, సభ ముందు ఇసకలో వాలింది. దీవంతా చప్పట్లు కొట్టింది. సినా కళ్ళు నిండిపోయాయి. ఆ కొమ్మని కాపాడింది మేమేనని ప్రతి జంతువూ పక్కదానికి చెప్పుకుంది. చెప్పుకునే హక్కు వాళ్ళకుంది మరి.

కవేవు నింపాదిగా పక్కకి నడుచుకుంటూ పిల్ల దగ్గరికి పోయాడు. "ఇంతకీ అమ్మాయ్, నీది ఏ పక్షం?"

పిల్ల రెక్కలు రెండూ బారచాపింది. "రెండూ నావే!"

కట్టుకున్న గుడ్డ రెక్క కాదు, నిలబెట్టుకున్న మాటే ఊరికి రెక్క.