పన్నీటి వాకిట్లో పట్టుపంచె

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట ఈ కథ చెప్పేవాళ్లు లేరు. పెద్ద సభకు కట్టుకోవడానికి మీ చేతులతో మీరు మొదటిసారి మంచి బట్ట కొనేలోపే ఇది మీ చెవిన పడాలి. అందుకే చెబుతున్నాను, వినండి.

అనగనగా హేమకూటం అని ఒక రాజ్యం. అక్కడ ఏడాదికి ఒక్కరోజు రాజుగారు ప్రజల మొర వినేవారు. ఆనాడు కొలువుకు వెళ్లేవాళ్లు పట్టుబట్టే కట్టుకోవాలి. కోట వాకిట్లో భటులు వాళ్ల మీద నెత్తి నుంచి పాదాల దాకా పన్నీరు చల్లేవారు. ఆ తరువాతే లోపలికి అడుగు.

రాజధాని పక్క పల్లెలో పేరమ్మ, సంజీవి అనే కుమ్మరి దంపతులు ఉండేవారు. పల్లెలోని కుమ్మరులందరికీ ఒకటే మట్టిగుంట. ఒకరోజు రాజుగారి ఏనుగుల కాపరులు వచ్చి ఆ గుంట చుట్టూ కంచె కట్టేశారు. మట్టి లేదు. సారె తిరగలేదు. పది ఇళ్లలో పొయ్యి వెలగలేదు.

మొర పెట్టుకోమని అందరూ సంజీవిని పంపారు. పేరమ్మ తన వెండి కడియాలు ఇచ్చి, రత్నాకరుడనే వర్తకుడి దగ్గర భర్తకు ఎర్రంచు పట్టుపంచె తెచ్చింది.

వాకిట్లో పన్నీరు పడింది. ఎరుపు కరిగి కాళ్ల వెంట కారింది. గంజి వదిలిన పంచె తడిగుడ్డలా ఒంటికి అతుక్కుపోయింది. కొలువంతా పగలబడి నవ్వింది. సంజీవి మొర చెప్పకుండానే వెళ్లిన దారినే తిరిగొచ్చాడు. ఆ తరువాత వీధి మొహం చూడలేదు.

పేరమ్మ కోపంతో ఉడికిపోయింది. అమ్మినవాడి మీద కోపం. నవ్వినవాళ్ల మీద కోపం. అందరికంటే తన మీద తనకే ఎక్కువ కోపం. ఎందుకంటే కొన్ననాడు కొట్టులో ఆమె పంచెను వెనక్కి తిప్పి చూడబోయింది. "మట్టి చేతులమ్మా, మాసిపోతుంది!" అన్నాడు రత్నాకరుడు. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఆమె సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అలా ఎందుకు తీసుకున్నానని ఏడాది పొడుగునా తనను తాను తిట్టుకుంది. ఆ ఏడాదిలోనే నేతవాళ్ల వీధికి వెళ్లి, పట్టును ఎలా చూసి కొనాలో ఒక ముసలమ్మ దగ్గర నేర్చుకుంది. మళ్లీ మొర వినే రోజు దగ్గరపడింది. ఈసారి తానే వెళతానంది. పాత పంచె మూటగట్టుకుని తిన్నగా రత్నాకరుడి కొట్టుకే పోయింది.

"అయ్యా, కొలువుకు కట్టుకునే చీర చూపించండి."

అతను ఆకుపచ్చ చీర విదిలించాడు. పేరమ్మ దాన్ని వెనక్కి తిప్పింది. అంచు కింద గోరు పెట్టింది. జరీ పేలికలా ఊడి వచ్చింది.

"ఇది నేసిన అంచు కాదు, జిగురుతో అంటించింది."

"అబ్బో! కుండలు చేసే ఆవిడ మాకు నేత నేర్పుతోంది!" అని వర్తకుడు జనాన్ని నవ్వించాడు. పసుపు చీర తీశాడు.

పేరమ్మ తెల్లగుడ్డ తడిపి చీర మీద రుద్దింది. గుడ్డ పచ్చబడింది.

"కొత్త చీర కొంచెం రంగు వదలదటమ్మా? వింత కాకపోతే!" అంటూ అతను నీలం చీర పరిచాడు. ఈసారి నవ్వినవాళ్లు తక్కువ.

పేరమ్మ చీర కొస నుంచి ఒక పోగు లాగి దీపానికి అంటించింది. అందరి ముక్కు దగ్గరా పెట్టింది.

"పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఇదేం వాసన?"

"ఎండుగడ్డి!" అన్నారెవరో వెనక నుంచి.

రత్నాకరుడి మొహం జేవురించింది. "నన్నే పరీక్షిస్తావా? నీకెంత పొగరు!"

అంతవరకూ అణిచిపెట్టుకున్న పేరమ్మ గొంతు అప్పుడు లేచింది. "మా కుండ కొనేవాళ్లు వేలు మడిచి కొట్టి చూస్తారు. చెవి పెట్టి వింటారు. పగుళ్లేమైనా ఉన్నాయేమోనని ఎండలో ఎత్తి చూస్తారు. నేనెన్నడూ కోప్పడలేదు. నా కుండ గట్టిది కనక! నీ బట్టను ముట్టుకుంటే నీకెందుకయ్యా అంత ఉలుకు? పోయినేడు నా కడియాలు తీసుకున్నావు. వాటికి రావలసిన పట్టు ఇప్పుడు తియ్యి!"

జనం కొట్టు చుట్టూ మూగారు. రత్నాకరుడు లోపలి పెట్టెలోంచి కుంకుమరంగు చీర తెచ్చాడు. పేరమ్మ తిప్పింది, రుద్దింది, పోగు కాల్చింది. అసలైన పట్టు!

"ఇది ఉండగా అవెందుకు చూపించావు?"

"ఇది... చూసి కొనేవాళ్లకమ్మా," అని నీళ్లు నమిలాడు.

"అంటే చూడకుండా నమ్మినవాళ్లను మోసం చేశావన్నమాట!" అంది పేరమ్మ. తన కడియాల కింద ఆ చీర తీసుకుని కొట్టు దిగింది.

మొర వినే రోజు రానే వచ్చింది. పన్నీరు పడింది. కుంకుమరంగు చెక్కుచెదరలేదు. పేరమ్మ రాజుగారి ముందు పాత పంచె పరిచింది.

"మహారాజా, మా మట్టిగుంటకు మీ మనుషులు కంచె వేశారు. ఆ మాట చెప్పడానికి పోయినేడు నా భర్త వచ్చాడు. మోసపోయినవాణ్ణి చూసి మీ కొలువు నవ్వింది. మోసం చేసినవాడు మీ కోట ఎదురుగానే కొట్టు పెట్టుకున్నాడు. రంగు కారితే మనిషి మాట కూడా కారిపోతుందా?"

ఎవరూ నవ్వలేదు. రాజుగారు తల వంచుకున్నారు. అప్పటికప్పుడు కంచె తీయించారు. ఇకమీదట మొర చెప్పుకునేవాళ్లు ఏ బట్టతోనైనా రావచ్చన్నారు. రత్నాకరుణ్ణి పిలిపించి, అతని కొట్టులో పైవరసలోని పంచె అతనికే కట్టించి, పన్నీటి వాకిట్లో నిలబెట్టారు. మోకాళ్ల నుంచి మడమల దాకా నీలం కారింది.

కొలువు మళ్లీ పగలబడింది. పేరమ్మ మాత్రం నవ్వలేదు. పోయినేడు నవ్విన నోళ్లే అవి. వాటివైపు ఒకసారి చూసి ఇంటికి నడిచింది.

మళ్లీ సారె తిరిగింది. సంజీవి తలెత్తుకుని కుండల బండితో వీధిలోకి వచ్చాడు. "కొట్టి చూడండమ్మా, గట్టిగా కొట్టి చూడండి!" అని తానే అరిచి అమ్మాడు.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఆపకండి. మీ స్నేహితులకు చెప్పండి, రేపు మీ పిల్లలకూ చెప్పండి. తిప్పి చూడడానికి, తడిపి చూడడానికి, అడిగి తెలుసుకోవడానికి ఎన్నడూ సిగ్గుపడొద్దు. సిగ్గుపడవలసింది పరీక్షకు ఒప్పుకోని సరుకు అమ్మేవాడు.