గోడల్లేని కూటంలో నీడ

వెనకటికి ఒక రాజుగారు లోపల అడ్డుగోడలే లేని పెద్ద కొలువుకూటం కట్టించి, అందులో దీపాలు అమర్చే పని నూకాలు అనే కుమ్మరామెకు అప్పగించారు. ఆ పని తన బావమరిదికి దక్కలేదన్న కడుపుమంటతో దివాను ఆమెను పిలిచి, "కూటంలో ఎక్కడ నీడ కనిపించినా నిన్నూ నీ పిల్లల్నీ పొలిమేర దాటిస్తాను" అన్నాడు.

నూకాలుకు అన్నం సయించలేదు. ప్రతి స్తంభానికీ నాలుగు వైపులా ప్రమిదలు పెట్టింది, మూలమూలనా దీపాలు వేలాడదీసింది. అయినా ఎక్కడైనా నీడ మిగిలిందేమోనని మళ్లీ మళ్లీ తిరిగి చూసింది.

సాయంత్రం రాజుగారు వచ్చారు. దివాను కూటమంతా గాలించి, చివరికి ఒక దీపం ముందు ఆగి నేలకేసి వేలు చూపించాడు.

"ప్రభూ, ఇదిగో నీడ!"

నూకాలు వంగి నేలకేసి చూసింది. ఆ నీడకు తలపాగా ఉండడం అప్పుడే ఆమె కంటబడింది.

"ప్రభూ, దివానుగారిని పదడుగులు నడవమనండి. నీడ ఇక్కడే ఉండిపోతే తప్పు నాది. ఆయన వెంటే పోతే, అది ఆయన తెచ్చుకున్నది" అంది చేతులు జోడించి.

"నడవవయ్యా" అన్నారు రాజుగారు.

దివాను నడిచాడు. నీడా నడిచింది.

"అలాగే గుమ్మం దాటెయ్యి. కూటంలో ఇక నీడే ఉండదు" అని రాజుగారు నవ్వారు.

నూకాలు అప్పుడు ఊపిరి పీల్చుకుంది.