తోమిన రాళ్ళు

జిలానీ ఇంట్లో స్టార్‌ఫిష్‌లు ఒకటొకటిగా చచ్చిపోతున్నాయి.

భార్య షమీమ్ ముచ్చటపడి పెట్టుకున్న ఉప్పునీటి గాజుతొట్టి అది. ఆమె పోయాక ఆ ఇంట్లో ఆమె పెంచిన ప్రాణాలు అవే మిగిలాయి. వాటినైనా దక్కించుకోవాలని జిలానీ కిందామీదా పడుతున్నాడు. తెల్లారితే చాలు, బ్రష్ పట్టుకుని తొట్టి తోమడం, అందులోని రాళ్ళు తోమడం. మచిలీపట్నంలో అతనంత శుభ్రమైన మనిషి లేడని పేరు. ఆ పేరుతో కాపురం చెయ్యడం ఎంత కష్టమో షమీమ్‌కే తెలియాలి.

చివరికి ఒక్కటి మిగిలింది. దాని చేతుల కొసలు కూడా కరిగిపోసాగాయి. జిలానీ తన గురువు మస్తాన్ షా ఉండే దర్గాకి పరుగెత్తి ఆయన ముందు కూలబడ్డాడు.

“నా చేతిలో ఏదీ బతకదు బాబా. తొట్టిలో ఒక్క స్టార్‌ఫిష్ మిగిలింది.”

“నీళ్ళు బాగున్నాయా?”

“అద్దంలా ఉన్నాయి. రాళ్ళ మీద నలుసంత పాచి కూడా ఉండనివ్వను. ఆ మిగిలిన ఒక్కటే, మాట వినకుండా తొట్టి గొట్టం వెనక పాచి మూలకి పోయి అతుక్కుంటుంది. పొద్దున దాన్ని ఊడబీకి ఆ మూల కూడా తోమేశాను.”

భోజనాల వేళ అయింది. అక్కడి శిష్యులందరూ బారుగా కూర్చున్నారు. బాబా ఒక పళ్ళెం తీసుకుని, బూడిదతో తోమి, కడిగి, తన కండువాతో తుడిచి జిలానీ ముందు పెట్టాడు. వడ్డన సాగింది. జిలానీకి మాత్రం ఒక్క మెతుకు రాలేదు. పొద్దున్నుంచీ ఏమీ తినని కడుపు నకనకలాడుతోంది.

“బాబా, నాకు పెట్టలేదు.”

బాబా ఆ పళ్ళెం తీసుకుని మళ్ళీ తోమి, మళ్ళీ అతని ముందే పెట్టాడు.

జిలానీ తళతళలాడే ఆ పళ్ళెం మీద వేలు పెట్టి రాశాడు.

“అది ఆ పాచి మూలకి తినడానికి పోయింది,” అన్నాడు మెల్లగా.

అతను తలెత్తి బాబా వైపు తిరిగాడు.

“షమీమ్ మంచాన పడ్డప్పుడు ఆ గదీ ఇలాగే ఉంచాను బాబా. బయటి మురికి అంటుతుందని వాళ్ళక్కని కూడా గుమ్మంలోంచే పంపేశాను. ఎవరైనా వచ్చారా అని షమీమ్ రోజూ అడిగేది.”

భోరున ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. బాబా పళ్ళెంలో అన్నం పెట్టాడు. అతను తినలేకపోయాడు.

“అంతా తోమేశాను బాబా. మళ్ళీ పాచి పట్టేదాకా అది బతికుంటుందా?”

“తెలీదు నాయనా,” అన్నాడు బాబా. “తోమకుండా దాని పక్కన కూర్చో.”