బొబ్బర్ల కుండలో గొంతు

అనగనగా ఒక ఊళ్ళో, అటక మీద ఒక కుండ మాట్లాడేదర్రా. గుసగుస, గుసగుస! ఊ కొడుతున్నారా? కొట్టకపోతే నేనూ ఆపేస్తాను.

ఆ ఇంట్లో సూరన్నని ఒక ముసలాయన, ఆయన కోడలు పైడమ్మ. సూరన్న పెళ్ళాం మంగాయి మాఘమాసంలో పోయింది. పోయేముందు విత్తనం బొబ్బర్లు కుండలో పోసి, మూకుడు పెట్టి పేడతో మెత్తింది. బూడిద కలిపే ఓపిక లేకపోయింది, పాపం.

ఎండలు ముదిరాక కుండలో చప్పుడు మొదలైంది. సూరన్న చెయ్యేస్తే వెచ్చగా తగిలింది, జ్వరం ఒంటిలా. మంగాయే వచ్చిందని కుండని మంచం పక్కన పెట్టుకున్నాడు. ఎవర్నీ ముట్టనివ్వడు. తిండి లేదు, దాంతోనే మాటలు. పైడమ్మకి దయ్యమంటే హడలే. కానీ ఉన్న విత్తనమంతా అందులోనే ఉంది, తొలకరి ముంచుకొస్తోంది. అది పోతే ఏడాదంతా పస్తే కదూ?

మామ స్నానానికెళ్ళినప్పుడు పేడ ఊడదీసి గుప్పెడు గింజలు తీసింది. కొన్నిటికి కన్నాలు, కొన్నిటి మీద తెల్లటి చుక్కలు. కన్నాల్లేనివే ఏరి కొంగున ముడేసింది. ఆ కన్నాలు దయ్యం పనే అయితే, అది ముడిలోకెలా దూరుతుందో చూద్దామని!

కొన్నాళ్ళకి విప్పితే, అమ్మో! గింజలకి గుండ్రటి కన్నాలు, మధ్యలో పురుగులు పాకుతున్నాయి. ముడి వేసింది వేసినట్టే ఉంది. ఆ చుక్కలు గుడ్లర్రా! చేలో పురుగు కాయ మీద వాలింది, కాయలోని గింజ కుండలోకొచ్చింది, కుండ ఇంట్లోకొచ్చింది, ఇంట్లోంచి మంచం పక్కకే వచ్చింది. దొంగ లోపలే పెరిగి, తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

కొంగు విప్పి సూరన్నకి చూపించి, కుండలో గుసగుసా వేడీ వీటివేనంది.

"మరి ఇన్నాళ్ళూ నాతో మాట్లాడిందెవరే?" అన్నాడు.

పైడమ్మకి ఏడుపొచ్చింది. "అత్తే ఉంటే గింజలు ఎండలో పొయ్యమనేది మావయ్యా," అంది.

ఆ మాటకి ముసలాయనే కుండ మోసుకెళ్ళి ఎండలో కుమ్మరించాడు. బిలబిలా పురుగులు! గింజలు నీళ్ళలో పోస్తే డొల్లవి తేలాయి, గట్టివి మునిగాయి. చుక్కలున్నవి ఏరేసి, మిగిలినవి గలగలలాడేదాకా ఎండబెట్టి, పురుగు పట్టకుండా బూడిద కలిపి పోశారు. దొరికింది సోలెడే, కానీ అది మొలిచి చేను నిండింది.

కొత్త పంట కుండకెత్తిన రోజున సూరన్న చెవి ఆనించాడు. చప్పుడు లేదు. చల్లగా ఉంది.

"పడుకుందే," అన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

అందుకే, కుండ గుసగుసలాడితే మురిసిపోకండి, మూత తీసి చూడండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.

ఏమర్రా, ఊ కొట్టరేం? పడుకున్నారా...