చప్పట్ల నాగవేణి

రండర్రా, ఇలా దగ్గరికి రండి. ఆ వెనక ఉన్నవాళ్ళు కూడా ముందుకు జరగండి, నా గొంతు అంత దూరం రాదు. కింద చాప చిరిగింది, చూసుకుని కూర్చోండి. కూర్చున్నారా? సరే, వినండి.

మెట్టవలసలో నాగవేణి అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఉండేది. పుస్తకంలో మనుషుల కోసం కడివెడు కన్నీళ్ళు కార్చేది గాని, పక్కన ఉన్న మనిషిని మాత్రం చూసేది కాదు.

ఆ ఊరి లైబ్రరీకి ఒకసారి అయిదు భాగాల నవల వచ్చింది. పేరు ‘గంటల నగరం’. ఆ నగరాన్ని గంటలరాయుడు అనేవాడు ఏలుతుంటాడు. వాడు ఒక గంట కొడితే జనం ముద్ద ఎత్తాలి. రెండు కొడితే దించాలి. నవ్వాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలి. రవళి అనే పిల్ల వాడిమీద తిరగబడుతుంది. మోగిన ప్రతి గంటకీ గోడమీద ఒక బొగ్గు గీత గీస్తూ, ఒక రాత్రి ఆ పెద్ద గంట లోపల వేలాడే నాలుకనే ఊడదీసి దాచేస్తుంది.

నాగవేణికి ఆ పుస్తకం పూనకంలా పట్టుకుంది. ఇక ఎక్కడ చూసినా గంటలరాయుడే.

"అన్నం చల్లారిపోతోంది, తినవే," అనేది వాళ్ళమ్మ.

"గంటలరాయుడు కూడా ఇలాగే అంటాడు," అనేది నాగవేణి.

పాలకేంద్రంలో వెన్న శాతం చూస్తుంటే, "రేపు మనుషుల్ని కూడా ఇలాగే కొలుస్తారు," అని కళ్ళెర్రజేసింది.

"మనుషుల్ని కాదే, మన గేదెని. నోరుమూసుకుని క్యాన్ పట్టుకో," అంది అమ్మ.

బళ్ళో మధ్యాహ్నం భోజనానికి హెడ్మాస్టరు వరసలో నిలబడమన్నారు. "వరసంటే బానిసత్వం," అని నాగవేణి పక్కకి తప్పుకుంది. ఆ రోజు గుడ్డు పెట్టే రోజు. వరసలో ఉన్నవాళ్ళకి గుడ్లు అందాయి. తిరుగుబాటుకి చారు మిగిలింది.

మూడో భాగంలో రవళికి జోలపాటలు నేర్పిన ముసలమ్మ చచ్చిపోయింది. నాగవేణి పుస్తకాన్ని మంచంమీదికి విసిరి, గోడవైపు తిరిగి పడుకుంది. ఈ పూట అన్నం తిననంది. దుఃఖం అంత గొప్పది. కాసేపటికి ఆ గదిలోంచి రెండు చప్పట్లు వినిపించాయి. చెల్లెలు సీతాలు జంతికల డబ్బా పట్టుకుని పరుగెత్తింది.

చప్పట్ల సంగతి చెప్పలేదు కదూ? సీతాలు ఆరో తరగతి. చదువుతున్నప్పుడు నోరు తెరిస్తే కథ చెదిరిపోతుందని నాగవేణి ఒక పద్ధతి పెట్టింది. ఒక్కసారి చప్పట్లు కొడితే మంచినీళ్ళు తేవాలి. రెండుసార్లు కొడితే తినడానికేమైనా తేవాలి. మూడుసార్లు కొడితే వచ్చి విసనకర్ర విసరాలి. సీతాలు లెక్కలు చేసుకుంటున్నా సరే, జడ వేసుకుంటున్నా సరే, సగం జడతోనే వచ్చేది.

ఒకరోజు సీతాలు విసురుతూ విసురుతూ మెల్లిగా అడిగింది. "అక్కా, నువ్వు చదివేసిన భాగాలు నేను చదవనా?"

"నీకు అర్థం కాదే. ఇది స్వేచ్ఛ గురించి," అంది నాగవేణి. "వెళ్ళి నీళ్ళు తే."

సీతాలు నీళ్ళు తెచ్చింది. ఆ రోజు నుంచి అక్క స్నానానికి వెళ్ళినప్పుడల్లా నాలుగేసి పేజీలు చదవడం మొదలుపెట్టింది. మన నాగవేణి స్నానాలు పొడుగ్గానే ఉండేవి.

అయిదో భాగం ఒక్కటే కాపీ. లైబ్రేరియన్ సన్యాసిరావు దాన్ని ఒక్కొక్కరికి వారం రోజులే ఇచ్చేవాడు. నాగవేణి వెనక పదకొండు పేర్లున్నాయి.

"శనివారం సాయంత్రం అయిదు దాటితే ఊరుకోను. మళ్ళీ కావాలంటే వరస చివర పేరు రాయించుకోవాలి," అన్నాడాయన.

వరస అన్న మాటకి ఈసారి నాగవేణి ఏమీ అనలేదు. పుస్తకం అందుకుని వచ్చేసింది.

శనివారం మూడు గంటలకి ఇంకా ఒకే ఒక్క అధ్యాయం మిగిలింది. రవళి గంట గోపురం ఎక్కుతోంది. అంత గొప్ప ఘట్టం తలస్నానం చేసి చదవాలని నాగవేణి బావి దగ్గరికెళ్ళింది. తిరిగొచ్చేసరికి మంచంమీద పుస్తకం లేదు. చిన్న చీటీ ఉంది.

"గంట నాలుక నా దగ్గరుంది. ఇక గంట మోగదు. ఇట్లు, రవళి."

నాగవేణి దుప్పటి దులిపింది, మంచం కింద చూసింది. ఒకసారి చప్పట్లు కొట్టింది. ఎవరూ రాలేదు. మూడుసార్లు కొట్టింది. ఎవరూ రాలేదు. పెరట్లో గేదె మాత్రం తలెత్తి చూసింది.

సీతాలు పశువులశాల వెనక రాతిపలక మీద కూర్చుని ఉంది. ఒళ్ళో అయిదో భాగం ఉంది.

"ఏమే, నా పుస్తకం ఇలా తే. టైమెంతయిందో తెలుసా?"

"తెలుసు. మూడున్నర."

"అమ్మా, చూడవే దీన్ని. నా పుస్తకం కొట్టేసింది."

వాళ్ళమ్మ వసారాలో జీడిపిక్కలు ఒలుస్తోంది. చేతులు దులుపుకుని వచ్చింది. "ఏమిటే నీ గొడవ?" అంది సీతాలుతో.

సీతాలు లేచింది. పక్కకి జరిగి శాల గోడ చూపించింది. గోడ నిండా బొగ్గు గీతలు. వరసకి పది చొప్పున, కింది నుంచి పై దాకా.

"ఇవేమిటే?" అంది అమ్మ.

"అక్క చప్పట్లు. ఈ ఒక్క వారానివే. నూట నలభై మూడు. అందులో పద్దెనిమిది నేను అన్నం తింటున్నప్పుడు కొట్టింది."

అమ్మ గీతలకేసి చూసింది. పెద్దకూతురికేసి చూసింది.

"నాకు చదువు రాదు," అంది. "నెల రోజులుగా నీ నోట వినడమే. నువ్వు చెప్పు నాగవేణీ. ఈ ఇంట్లో రవళి ఎవరు? ఆ రాయుడెవరు?"

నాగవేణి గీతలమీద వేలు పెట్టి ఒక వరస లెక్కపెట్టింది. నెల రోజులు ఊరంతా వెతికిన మనిషి ఎక్కడున్నాడో ఆమెకి అప్పుడు తెలిసింది. మెల్లిగా తన అరచేతులు చూసుకుంది. ఎర్రగా ఉన్నాయి.

"నువ్వే చదువు సీతాలూ," అంది చివరికి. "పైకి చదువు. నేను వింటాను."

"విసనకర్రో?"

"తెస్తాలే."

సీతాలు చదువుతుంటే నాగవేణి విసురుతూ కూర్చుంది. నాలుగు పేజీలయ్యేసరికి సీతాలు గొంతు ఎండిపోయింది. పుస్తకంలోంచి తలెత్తకుండా ఒకసారి చప్పట్లు కొట్టింది. నాగవేణి మారుమాట లేకుండా లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. అమ్మ వసారాలోంచి చూసి, నవ్వు ఆపుకోలేక జీడిపిక్కల గంపలోకి తల వంచుకుంది.

కథలో రవళి గోపురం ఎక్కేసింది. గంటలరాయుడు పారిపోయాడు. కింద జనం అరుస్తున్నారు. "ఆ నాలుక మళ్ళీ తగిలించు తల్లీ. ఇకమీద నువ్వే కొట్టు." రవళి గంట నాలుక తగిలించింది. తాడు చేతిలోకి తీసుకుంది.

సీతాలు అక్కడ ఆగిపోయింది. గ్లాసుకేసి చూసింది. తర్వాత తన అరచేతులు చూసుకుంది.

"అక్కా, ఇకమీద ఎవరి నీళ్ళు వాళ్ళే తెచ్చుకుందామా?"

"అలాగేనే. ముందు అది తాడు లాగిందో వదిలిందో చెప్పు, అయిదవుతోంది."

ఇద్దరూ చివరి పేజీ చదివేసి పరుగెత్తారు. సన్యాసిరావు అప్పటికే తాళంకప్ప చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పుస్తకం తీసుకుంటూ, "ఎలా ఉందమ్మా?" అని అడిగి, అరగంట ఉపన్యాసం వినాల్సొస్తుందని గోడకి చేరబడ్డాడు.

"బాగుందండి," అంది నాగవేణి. "గంటలరాయుడు నాకు తెలిసినవాడే."

అంతే అంది. సన్యాసిరావుకి ఆశ్చర్యంతో తాళం వెయ్యడం కూడా చేతకాలేదు.

రవళి తాడు లాగిందా, వదిలిందా అని నన్నడక్కండి. లైబ్రరీకెళ్ళి పేరు రాయించుకోండి, ఆ పదకొండుమంది తర్వాత మీరే.

పుస్తకంలో దుర్మార్గుణ్ణి తిట్టడం అందరికీ చేతనవును. వాడి బుద్ధి తనలో ఎక్కడైనా ఉందేమో వెతుక్కుని మానుకున్నవాళ్ళే ఆ పుస్తకాన్ని నిజంగా చదివినట్టు.

ఇక లేవండి, ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి. కంచం ఎవరిది వాళ్ళే వేసుకోండి.